కొన్న ధర, నడిపిన ధర: మియాటా, ఈ30 పక్కపక్కన

రేసుకారు కొనబోయే కొత్తవాళ్లు మొదట అడిగేది "ఎంతకొస్తుంది?" అని. శని, ఆదివారాలు పందెంలో నడిపి, సోమవారం పొద్దున ఆ కారు ఇంటి ముందు ట్రైలర్ మీద నిలబడి ఉన్నప్పుడు దాన్ని మళ్లీ సిద్ధం చెయ్యడానికి ఎంతవుతుందని అడిగేవాళ్లు తక్కువ. అసలు లెక్క ఈ రెండో ప్రశ్నలో ఉంది. దాన్ని తేల్చుకోవడానికి మాజ్దా మియాటానీ, బీఎండబ్ల్యూ ఈ30నీ పక్కపక్కన నిలబెట్టి చూడడం మంచిదని నా నమ్మకం. రెండూ పాత కార్లు. రెండిట్లోనూ ఇంజను ముందుంటుంది, శక్తి వెనక చక్రాలకు వెళుతుంది. అమెరికా ఔత్సాహిక రేసుల్లో రెండిటికీ సొంత స్పెక్ తరగతులున్నాయి, అంటే అందరూ ఒకే రకం కారుతో, ఒకే నియమాలతో పోటీపడేవి: స్పెక్ మియాటా, స్పెక్ ఈ30. చాలా ట్రాకుల మీద ఈ రెండు తరగతుల ల్యాప్ సమయాలు కూడా దగ్గరదగ్గరగానే ఉంటాయి. అయినా ఒకటి ఉద్యోగస్తుడి జీతానికి అందుబాటులో ఉండిపోయింది, రెండోది ఆ జీతానికి మెల్లగా దూరం జరుగుతోంది.

ఇక్కడ చెప్పుకునేది జనం తిరిగే రోడ్ల మీద అర్ధరాత్రి పందేల గురించి కాదు. ఎడమకీ కుడికీ మలుపులున్న మూసిన ట్రాకు మీద, జెండాలు పట్టుకున్న మార్షల్స్, అంబులెన్సు, నియమాల పుస్తకం ఉన్న పోటీల గురించి. అమెరికాలో వీటిని నడిపే సంస్థల్లో పెద్దవి రెండు. 1944లో పుట్టిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా, అంటే ఎస్‌సీసీఏ, ఒకటి. 1991లో మొదలైన నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్ రెండోది. దీన్ని కూడా పొట్టిగా నాసా అనే పిలుస్తారు, అంతరిక్ష సంస్థతో సంబంధం లేదు. డాక్టర్లు, ప్లంబర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు, బడి పంతుళ్లు సొంత డబ్బుతో వచ్చి పోటీపడే చోటు ఇది. బహుమతి సొమ్ము లేనట్టే లెక్క. మనవాళ్లు చాలామంది ఉండే ఫ్రీమాంట్ నుంచి ఉత్తర కాలిఫోర్నియాలోని థండర్‌హిల్ ట్రాకుకి రెండున్నర, మూడు గంటల ప్రయాణం. ఎడిసన్ నుంచి మిల్‌విల్‌లో ఉన్న న్యూజెర్సీ మోటార్‌స్పోర్ట్స్ పార్కుకి రెండు గంటలైనా పట్టదు. అంత దగ్గర్లో ఉన్న ఈ లోకం గురించి తెలుగులో రాసినవాళ్లు తక్కువ. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా కార్ల పుట్టుక. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మియాటాను జనానికి చూపించారు. దాని వెనక పదేళ్ల నాటి ఒక మాట ఉంది. అమెరికన్ మోటారు పాత్రికేయుడు బాబ్ హాల్ 1979లో మాజ్దా పెద్దల్లో ఒకరైన కెనిచీ యమమోతోతో మాట్లాడుతూ, పాత బ్రిటిష్ తరహా తేలికపాటి రెండు సీట్ల ఓపెన్ కారు మళ్లీ రావాలని చెప్పాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఎంజీ, ట్రయంఫ్ లాంటి చిన్న బ్రిటిష్ కార్లతోనే అమెరికా ఔత్సాహిక రేసింగ్ పెరిగింది. తర్వాత ఆ కార్లు ఒక్కొక్కటిగా మార్కెట్లోంచి వెళ్లిపోయాయి. మాజ్దా ఆ ఖాళీని పట్టుకుంది. బరువు టన్నుకి అటూ ఇటూ, నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, గేర్‌బాక్సునూ వెనక డిఫరెన్షియల్‌నూ గట్టిగా కలిపి ఉంచే అల్యూమినియం చట్రం. ఇంజను 1.6 లీటర్లది, 116 హార్స్‌పవర్. 1994 నుంచి 1.8 లీటర్లు వచ్చింది. మొదటి తరం ఒక్కటే నాలుగు లక్షలకు పైగా తయారైంది. 2016 నాటికి అన్ని తరాలూ కలిపి పది లక్షలు దాటింది. ఈ సంఖ్య దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే తర్వాత చెప్పబోయే చవకదనమంతా ఇందులోంచే వస్తుంది.

ఈ30 కథ వేరు. అది 1982 నుంచి నడిచిన బీఎండబ్ల్యూ 3 సిరీస్, కుటుంబంతో ఆఫీసుకీ ఊరికీ తిరగడానికి చేసిన కారు. ఆ సాదా కారు బాడీ మీదే టూరింగ్ కార్ పోటీల కోసం ఎం3ని తయారుచేశారు. జర్మనీలోని డీటీఎం పోటీల నుంచి ప్రపంచమంతా దాని పేరు మోగింది. ఆ ఎం3 వెలుగు దాని తోబుట్టువుల మీద కూడా పడింది. స్పెక్ ఈ30లో నడిచేది ఎం3 కాదు, 2.5 లీటర్ల ఆరు సిలిండర్ల 325ఐ. అమెరికా లెక్కలో 168 హార్స్‌పవర్. ఆ ఇంజను శబ్దం ఒకసారి విన్నవాళ్లకి మియాటా నాలుగు సిలిండర్ల మోత కుట్టుమిషను చప్పుడులా అనిపించొచ్చు. ఈ30 మీద మనసు పారేసుకోవడం తప్పేమీ కాదు. అయితే రేసుకారు బేరం మనసుతో చేసేది కాదు.

నడపడంలో ఈ రెండిటి తేడా నాకు చాలా ఇష్టమైన విషయం. మియాటాలో శక్తి తక్కువ కాబట్టి మలుపులో పోగొట్టుకున్న వేగాన్ని తిన్నటి దారిలో తిరిగి తెచ్చుకోలేరు. బ్రేకు ఒక్క అడుగు ముందు నొక్కినా, స్టీరింగు అవసరానికి మించి తిప్పినా, ఆ నష్టం తర్వాతి మలుపు దాకా వెంటాడుతుంది. ముందున్న కారు గాలిని చీల్చుకుంటూ పోతుంటే దాని వెనక దూరి వేగం పుంజుకోవడం ఇక్కడ రోజువారీ విద్య. ఇద్దరు మిత్రులు ఒకరి వెనక ఒకరు ఆనుకుని నడిపితే ఇద్దరూ విడివిడిగా వెళ్లేదానికంటే వేగంగా వెళతారు. ఎప్పుడు విడిపోయి ఎవరి దారి వాళ్లు చూసుకోవాలో తెలుసుకోవడమే పోటీ. కారు డ్రైవరుకి సాయం చెయ్యదు, కానీ అబద్ధం కూడా చెప్పదు. టైర్ల పట్టు తగ్గుతుంటే స్టీరింగులోనూ, సీటులోనూ ముందే తెలిసిపోతుంది. నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి గురువు దొరకడం కష్టం.

ఈ30లో ఆరు సిలిండర్ల ఇంజను మలుపు దాటగానే బలంగా లాగుతుంది. కారు కొంచెం ఒరుగుతుంది. బరువు ఎటు మారుతోందో డ్రైవరుకి స్పష్టంగా తెలుస్తుంది. దాని వెనక సస్పెన్షన్ సెమీ ట్రెయిలింగ్ ఆర్మ్ రకం. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటరు మీంచి కాలు తీసేస్తే వెనక భాగం పక్కకి జారుతుంది. మలుపులో కాలు తియ్యకూడదన్న పాఠాన్ని ఈ కారు గట్టిగా నేర్పుతుంది. ఆ పాఠం అయ్యేసరికి కొందరి కార్లు గోడకి తగిలి ఉంటాయి. ఇంకో పక్క, నిండు బాడీ ఉన్న కారు కాబట్టి పొడుగు మనుషులకి ఈ30లో చోటుంటుంది. మియాటాలో ఆరడుగుల మనిషికి చిక్కే. హెల్మెట్ పెట్టుకుని కూర్చుంటే తల, కారు బోల్తాపడితే కాపాడే రోల్ కేజ్ పైకమ్మీ కంటే కిందే ఉండాలి. దానికోసం సీటు రైళ్లు పీకేసి నేరుగా నేలకి బిగించాలి, ఒక్కోసారి కారు నేలనే కోసి కిందికి దించాలి. మీ ఎత్తు ఆరడుగులు దాటితే, ఎవరి మియాటాలోనైనా హెల్మెట్ పెట్టుకుని కూర్చుని చూడకుండా డబ్బు ఇవ్వకండి.

ఇక ఖర్చు. స్పెక్ ఈ30 నియమాల ప్రకారం డ్రైవరుతో కలిపి కారు కనీస బరువు 2,700 పౌండ్లు, అంటే 1,225 కిలోలు. స్పెక్ మియాటా ఏ సంవత్సరం మోడల్ అన్నదాన్ని బట్టి సుమారు 1,050 నుంచి 1,100 కిలోల మధ్య ఉంటుంది. చూడ్డానికి తేడా చిన్నది, మియాటా బరువులో సుమారు ఏడో వంతు. ఈ ఏడో వంతు ప్రతి బ్రేకులోనూ, ప్రతి మలుపులోనూ వడ్డీలా పేరుకుంటుంది. గంటకి 180 కిలోమీటర్ల వేగంలో ఉన్న మియాటాని 80కి దించాలంటే బ్రేకులు మింగాల్సిన వేడి సుమారు మూడున్నర లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి మరిగేదాకా తేగలదు. అదే పని ఈ30తో చేస్తే నాలుగు లీటర్ల నీటికి సరిపడా వేడి పుడుతుంది. ఒక ల్యాపులో రెండు మూడు సార్లు, ఒక రేసులో పదిహేను ఇరవై ల్యాపులు. ప్యాడ్లు, డిస్కులు, బ్రేకు ద్రవం, చక్రాల బేరింగులు అన్నీ ఈ లెక్క ప్రకారమే అరుగుతాయి. టైర్లదీ అదే తీరు. బరువు తక్కువ ఉన్న కారు అదే టైరును ఎక్కువసేపు మంచి స్థితిలో ఉంచుతుంది. రేసింగులో టైర్లు కిరాణా సరుకు లాంటివి, ప్రతి నెలా కొనాల్సిందే. కాబట్టి చవక రేసుకారు వెతికేటప్పుడు హార్స్‌పవర్ కంటే ముందు బరువు చూడాలి.

విరిగేవాటి విషయంలో తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండిట్లోనూ టైమింగ్ బెల్టు రబ్బరుదే. మొదటి తరం మియాటాలో అది తెగితే ఇంజను ఆగిపోతుంది, అంతే. వాల్వులూ పిస్టన్లూ ఒకదానికొకటి తగలనంత చోటు లోపల ఉంది. కొత్త బెల్టు వేసి మళ్లీ నడపొచ్చు. ఈ30లోని ఎం20 ఇంజనులో బెల్టు తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వుల్ని కొడతాయి, రాకర్ ఆర్ములు విరుగుతాయి. ఆ రోజుతో ఇంజను సిలిండరు హెడ్ విప్పాల్సిందే. పాత కారు, యజమానులు ఎందరో మారారు, బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేదు. ఇలాంటి ఈ30 కొంటే ట్రాకు మీదికి వెళ్లకముందే బెల్టు, టెన్షనరు, నీటి పంపు మార్చుకోవాలి. ఆ ఖర్చు బేరంలో కలిపి చూసుకోవాలి.

మియాటాకి జబ్బుల్లేవని కాదు. 1990, 91 ప్రాంతపు తొలి కార్లలో క్రాంకు షాఫ్టు ముందు కొస పొట్టిగా ఉంటుంది. అక్కడ పుల్లీని పట్టి ఉంచే గాడి అరిగిపోతే క్రాంకు షాఫ్టే మార్చాలి. 1.6 లీటర్ల కార్ల వెనక డిఫరెన్షియల్ చిన్నది. రేసు బలానికి అది 1.8 కార్లదంత గట్టిగా నిలబడదు. ముందు చక్రాల హబ్బులు రేసు వేడికి అరుగుతాయి, వాటిని ముందే మార్చుకుంటూ ఉండాలి. పాత రేడియేటర్ల ప్లాస్టిక్ ట్యాంకులు గోధుమరంగుకి తిరిగాయంటే పగలడానికి సిద్ధంగా ఉన్నట్టే. ఇవన్నీ అందరికీ తెలిసిన జబ్బులు, అందరి దగ్గరా మందు ఉన్న జబ్బులు. ప్యాడాక్‌లో, అంటే కార్లు నిలిపి సిద్ధం చేసుకునే చోట, మీ పక్కన ఇంకో పదిమంది అదే కారుతో ఉంటారు. వాళ్లలో ఒకరి ట్రైలర్లో ఆ హబ్బు ఉంటుంది, ఇంకొకరికి దాన్ని ఇరవై నిమిషాల్లో ఎలా మార్చాలో తెలిసి ఉంటుంది. డబ్బుతో కొనలేని భాగం ఇదే. పైగా మాజ్దా తన అమెరికా మోటార్‌స్పోర్ట్స్ విభాగం ద్వారా నమోదైన రేసర్లకి విడిభాగాలు తగ్గింపు ధరకి ఇస్తూ వచ్చింది. ఒక పెద్ద తయారీదారు పాతికేళ్లు దాటిన తన కార్లతో పందెం కట్టే చిన్న మనుషుల్ని ఇంతగా ఆదుకోవడం అరుదు. నేను మియాటా వైపు మొగ్గడానికి ఇదొక పెద్ద కారణం.

ఈ30 ఈ విషయంలోనే ఓడిపోయింది, దాని తప్పు ఏమీ లేకుండా. 2000ల మొదట్లో అది పాత, చవక బీఎండబ్ల్యూ. కాలేజీ కుర్రాళ్లు కొన్ని వేల డాలర్లలోపు కొనేవారు. ఆ చవకదనం మీదే స్పెక్ ఈ30 తరగతి నిలబడింది. నియమాలు చక్కగా రాశారు, ఒకే రకం స్ప్రింగులు, ఒకే షాకులు, ఒకే టైరు. డ్రైవర్లు కూడా పద్ధతిగా నడుపుతారన్న పేరు తెచ్చుకున్నారు. తర్వాత ఎం3 ధరలు కలెక్టర్ల చేతుల్లో ఆకాశానికి వెళ్లాయి. వాటి వెంట 325ఐలు కూడా పెరిగాయి. మంచి బాడీ ఉన్న ఈ30ని కోసి రోల్ కేజ్ వెల్డింగ్ చెయ్యడానికి ఇప్పుడు చేతులు రావు. డాష్‌బోర్డూ, సీట్లూ పీకేసిన కారు కంటే చెక్కుచెదరని కారుకే ఎక్కువ ధర పలుకుతున్నప్పుడు, దాన్ని రేసుకారుగా మార్చడమంటే డబ్బు తగలెయ్యడమే. తగిలిన ఫెండరు బదులు ఇంకోటి వెతకడం కూడా ఏటేటా కష్టమవుతోంది. మార్కెట్లో ఇంకా చవగ్గా కనిపించే 325ఈ చూసి మోసపోవద్దు. అందులో ఉన్న 2.7 లీటర్ల ఇంజను పెట్రోలు ఆదా కోసం చేసింది, 121 హార్స్‌పవర్, తక్కువ ఆర్‌పీఎంల దగ్గరే ఊపిరి అయిపోతుంది. బీఎండబ్ల్యూ అభిమానులకి నాసా ఇప్పుడు స్పెక్ ఈ46 అనే తరగతి చూపిస్తోంది. అందులో నడిచే 330ఐ కారు మంచిదే, వేగమూ ఎక్కువే, బరువూ ఎక్కువే. బరువు పెరిగితే ఏమవుతుందో పైనే చెప్పుకున్నాం.

మిగతా అభ్యర్థుల గురించి క్లుప్తంగా చెబుతాను. పోర్షే 944 సాదా రకం చవగ్గా దొరికిన కాలంలో దాని చుట్టూ కూడా ఒక స్పెక్ తరగతి వచ్చింది. గేర్‌బాక్సు వెనక ఉండడం వల్ల ముందూ వెనకా బరువు దాదాపు సమానంగా పంచుకుంటుంది, మలుపుల్లో అద్భుతంగా ఉంటుంది. కానీ క్లచ్ మార్చాలంటే వెనకనుంచి గేర్‌బాక్సూ, టార్క్ ట్యూబూ వరసగా విప్పుకుంటూ రావాలి. ఎక్కువసేపు ఒకే వైపు తిరిగే మలుపుల్లో రెండో సిలిండరు రాడ్ బేరింగుకి నూనె అందక ఇంజను పోవడం ఈ కారుకి పేరుపడ్డ జబ్బు. పోర్షే గుర్తు ఉన్న ప్రతి భాగానికీ పోర్షే ధర ఉంటుంది. సొంత షెడ్డు, పనిచేసే చేతులు, ఓపిక ఉన్నవాళ్లకి తప్ప నేను సిఫార్సు చెయ్యను.

హోండా సివిక్, ఇంటెగ్రా గట్టి ఇంజన్ల కార్లు, చవక, నాసా హోండా చాలెంజ్ లాంటి పోటీలూ ఉన్నాయి. ముందు చక్రాలే లాగాలి, ముందు చక్రాలే తిప్పాలి, బ్రేకు బరువూ వాటి మీదే పడుతుంది. కాబట్టి ముందు టైర్లు తొందరగా అయిపోతాయి. తరగతి మీ ప్రాంతంలో బలంగా ఉంటే మంచి ఎంపికే.

ఇంకా అడుగుకి వెళితే 2006లో మొదలైన 24 అవర్స్ ఆఫ్ లెమన్స్ ఉంది. భద్రతా సామగ్రి కాకుండా కారు విలువ 500 డాలర్లు దాటకూడదన్నది దాని నియమం. నలుగురైదుగురు మిత్రులు కలిసి ఒక పాత కారు సిద్ధం చేసి వంతులవారీగా గంటల తరబడి నడుపుతారు. సరదా కోసం పెట్టిన పోటీ అని దాన్ని చిన్నచూపు చూసేవాళ్లతో నేను ఒప్పుకోను. ఖర్చు నలుగురి మధ్య పంచుకుంటూ, ఒక్క వారాంతంలో మామూలు రేసర్ ఎన్నో రేసుల్లో నడిపేటంత సేపు ట్రాకు మీద ఉండడం కొత్తవాళ్లకి పెద్ద చదువు. అయితే అక్కడ కార్ల వేగాల్లో తేడా విపరీతంగా ఉంటుంది. పక్కన సరిసమానమైన కారుతో పోటీపడి నీ తప్పు ఎక్కడుందో తెలుసుకునే అవకాశం తక్కువ. స్పెక్ తరగతి గొప్పదనం అదే. అందరి కారూ ఒకటే అయినప్పుడు మూడో మలుపులో పది మీటర్లు వెనకబడితే కారణం స్టీరింగు వెనక కూర్చున్న మనిషే.

స్పెక్ మియాటా మీద నాకున్న అభ్యంతరాలు కూడా చెప్పాలి. పెద్ద గుంపులు, దగ్గరి పోటీ అంటే బంపర్లు తగలడం మామూలైపోయింది. నిండు గుంపులో మొదటి మలుపుకి వెళ్లే కొత్త డ్రైవరు బాడీ పని ఖర్చు ముందే పక్కన పెట్టుకోవాలి. ఇంకోటి, ముందు వరసలో ఉండడానికయ్యే ఖర్చు. నియమాలు ఇంజను దాదాపు కంపెనీ చేసినట్టే ఉండాలంటాయి. అయినా అనుమతించిన చిన్న చిన్న హద్దుల్లో చివరి హార్స్‌పవర్ దాకా పిండి ఇచ్చే నిపుణులున్నారు, వాళ్ల ఇంజన్లు కారు ధరని దాటిపోతాయి. 2014లో లగూనా సెకా ట్రాకు మీద జరిగిన ఎస్‌సీసీఏ జాతీయ పోటీల్లో, రేసు తర్వాత తనిఖీలో సిలిండరు హెడ్లలో నియమానికి మించిన పని కనిపించి, స్పెక్ మియాటా తరగతిలో ముందు స్థానాల్లో వచ్చిన పలువురిని అనర్హుల్ని చేశారు. చవక తరగతి అనేది కాగితం మీద నియమం రాసినంత మాత్రాన చవకగా ఉండిపోదని ఆ సంఘటన చూపించింది. కానీ దాన్ని పట్టుకుని మియాటాని తోసిపుచ్చడం తప్పు. గుంపు మధ్యలో పదిహేనో స్థానం కోసం జరిగే పోటీ మొదటి స్థానం పోటీకి ఏమాత్రం తీసిపోదు. అక్కడ సాదా ఇంజను చాలు. కొత్తవాడికి కావాల్సిన చదువంతా అక్కడే ఉంది.

ఇదే తర్కం మన దేశంలోనూ పనిచేసింది. మారుతీ ఎస్టీమ్ ఏళ్ల తరబడి భారత ట్రాకుల మీదా, ర్యాలీల్లోనూ నిలబడింది. తేలికైన బాడీ, 1.3 లీటర్ల గట్టి ఇంజను, వీధి చివర మెకానిక్కి కూడా తెలిసిన పని, ఎక్కడైనా దొరికే సామాను. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఈ రేసు జరిగింది. రెండు తెలుగు రాష్ట్రాల కుర్రాళ్లు సొంత కారుతో పోటీ నేర్చుకోవాలంటే మాత్రం శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకో, కోయంబత్తూరులోని కరీ మోటార్ స్పీడ్‌వేకో వెళ్లడమే మామూలు. ఒక పెద్ద రేసు ఒకసారి నగరానికి రావడం కంటే, రెండు గంటల దూరంలో చిన్న ట్రాకు ఉండడం వెయ్యి రెట్లు మేలని నేను గట్టిగా నమ్ముతాను.

అమెరికాలో ఉన్న మన కుర్రాళ్లకి ఒక మాట. కొత్త ఎం3ని లోను మీద కొని, దాంతోనే ట్రాకుకి వెళ్లాలని చాలామందికి ఉంటుంది. మామూలు కారు బీమా రేసింగులో జరిగిన నష్టాన్ని ఇవ్వదు. గోడకి తగిలిన రోజు కారు పోతుంది, నెలనెలా కట్టే వాయిదా మిగులుతుంది. ముందు మీ దగ్గర ఉన్న కారుతోనే, బ్రేకు ప్యాడ్లూ ద్రవమూ మార్చుకుని, పక్క సీట్లో శిక్షకుడు కూర్చునే డ్రైవింగ్ పాఠాలకి వెళ్లండి. అక్కడ పోటీ ఉండదు. నాసాలో ఆ మెట్లు నాలుగు, అవి ఎక్కాక పోటీ లైసెన్సు. ఎస్‌సీసీఏలో కొత్తవాళ్లకి అనుమతి పత్రమూ, డ్రైవర్ల బడీ ఉంటాయి. ఆ కాలంలో ట్రాకు దగ్గర ఏ తరగతిలో ఎన్ని కార్లున్నాయో మీ కళ్లతో చూడండి. మీ ప్రాంతంలో స్పెక్ ఈ30లు పాతిక వచ్చి, మియాటాలు అయిదే ఉంటే, పైన నేను రాసినదంతా పక్కన పెట్టి ఈ30 కొనండి. ఒంటరి కారుకి ఎంత చవకైనా పందెం ఉండదు.

మియాటాయే అని తేల్చుకున్నాక సిద్ధంగా ఉన్న రేసుకారు కొనండి, మీరు తయారుచెయ్యొద్దు. రోల్ కేజ్, సీటు, బెల్టుల హార్నెస్, మంటలార్పే ఏర్పాటు, సస్పెన్షన్ కిట్టు, ఇవన్నీ విడిగా కొని కూలీ కట్టి బిగిస్తే అయ్యే మొత్తంలో సగం కూడా అమ్మేటప్పుడు రాదు. ఆ నష్టం ముందు యజమాని ఎప్పుడో భరించాడు. డబ్బుంటే 1999 నుంచి వచ్చిన రెండో తరం కారు చూడండి, గెలవాలనుకునేవాళ్లలో ఎక్కువమంది అక్కడే ఉన్నారు. లేకపోతే 1.6 కారు కూడా నేర్చుకోవడానికి చక్కగా సరిపోతుంది. వేర్వేరు సంవత్సరాల కార్లు సమానంగా ఉండేలా సంస్థలు బరువుతోనూ, ఇంజనులోకి గాలిని తగ్గించే పళ్లేలతోనూ సర్దుతూ ఉంటాయి.

చూడ్డానికి వెళ్లినప్పుడు క్రాంకు పుల్లీకి ఉన్న గాళ్లు లెక్కపెట్టండి. నాలుగుంటే పొట్టి కొస ఇంజను, ఎనిమిదుంటే పొడవుది. వెనక చక్రం ముందున్న గుమ్మం కింది భాగాన్ని వేలితో నొక్కండి, పైకప్పు నీళ్లు దిగే గొట్టాలు మూసుకుపోయిన కార్లు అక్కడే తుప్పు పడతాయి. హార్నెస్ మీది తేదీ చూడండి, గడువు దాటితే తనిఖీలో ఒప్పుకోరు. ఆఖరున కారు లాగ్‌బుక్ అడగండి. రేసుకారు ప్రతి తనిఖీ, ప్రతి పెద్ద దెబ్బ అందులో రాసి ఉంటాయి. పోయిందని అమ్మేవాడు చెబితే, ఎంత చవగ్గా ఇస్తానన్నా ఆ బేరం అక్కడితో వదిలేసి ఇంకో కారు చూసుకోండి.